దసరా సెలవుల ప్రాజెక్టుకు సమాచారం వెతికే ముందు

పిల్లలతో విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి బయలుదేరేవారు ఇవి చూసుకోండి.

– ముందు కనబడిన అంకెను ఎత్తి రాయకండి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను గాలివేగం ఒక్కో మూలంలో ఒక్కోలా ఉంటుంది. మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు తీస్తుంది, అమెరికా సంస్థలు 1 నిమిషానిది తీస్తాయి కనుక వాళ్ల అంకె సాధారణంగా పెద్దది. ఎవరి లెక్కో పక్కనే రాయించండి. మార్కులు పోయేది ఇక్కడే.

– చాట్‌బాట్ చెప్పిన పుస్తకాన్ని లైబ్రేరియన్‌తో సరిచూసుకోండి. లేని పుస్తకాన్నీ అది మహా ధీమాగా చెబుతుంది.

– వికీపీడియాలో అడుగున ఉన్న మూలాలు తెరవండి. మూలం లేని వాక్యం వద్దు.

– నేషనల్ డిజిటల్ లైబ్రరీ వెబ్‌సైటు ఉచితం. పాఠశాల స్థాయి ఎంచుకోకపోతే పరిశోధన పత్రాలు వచ్చి మీద పడతాయి.

– లింకు, చూసిన తేదీ అప్పటికప్పుడే రాసుకోండి. పేజీలు మారిపోతాయి.