టెక్సస్ హైస్కూల్లో ఎండార్స్‌మెంట్ అంటే ఎంపీసీ, బైపీసీ కాదు

డాలస్ చుట్టుపక్కలకి ప్రతి వేసవిలో హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ కొత్త కుటుంబాలు వస్తుంటాయి. ఆగస్టు వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, పాపని నైన్త్ గ్రేడ్‌లో చేర్చాం, ఎండార్స్‌మెంట్ ఏదో రాసివ్వమంటున్నారు, ఎంపీసీకి ఏది పెట్టాలి?"

ముందు ఆ ఎంపీసీ ఆలోచన పక్కన పెట్టండి. ఎండార్స్‌మెంట్ అంటే పిల్లలు ఏ రంగం కోర్సులు ఎక్కువగా చదివారో చెబుతూ హైస్కూల్ డిప్లొమాకి తోడుగా వచ్చే గుర్తింపు, అంతే. ఇంటర్‌లో గ్రూపు తీసుకున్నాక మారడం కష్టం కాబట్టి మనకి ఈ కాగితం చూడగానే టెన్షన్ వస్తుంది. ఇక్కడ తొమ్మిదిలో ఒకటి రాసిచ్చినా తర్వాత మార్చుకోవచ్చు, కుదిరితే ఒకటి కంటే ఎక్కువ కూడా పూర్తి చేయొచ్చు. 2013లో తెచ్చిన చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. మామూలు డిప్లొమాకి 22 క్రెడిట్లు (ఏడాది కోర్సు ఒకటి పాసైతే మామూలుగా ఒక క్రెడిట్) చాలు, ఎండార్స్‌మెంట్‌తో అయితే 26 కావాలి, అందులో లెక్కలు నాలుగు, సైన్స్ నాలుగు ఉండాలి. మొత్తం ఐదు రకాలు: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ స్టడీస్. డాక్టర్ చదువు అనుకునేవాళ్లు వెంటనే స్టెమ్ అని రాసేస్తారు కానీ, హెల్త్ సైన్స్ కోర్సుల వరుస ఉండేది పబ్లిక్ సర్వీస్ కింద.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆ ఐదోదాని గురించి. మనవాళ్లలో చాలామంది మల్టీడిసిప్లినరీ అంటే ఎందులోనూ సీటు రానివాళ్లు చేరేది అనుకుంటారు. నిజం అది కాదు. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ నాలుగింట్లోనూ నాలుగేసి క్రెడిట్లు చేసినా ఇది వస్తుంది (ఇంగ్లిష్ ఫోర్, కెమిస్ట్రీ లేదా ఫిజిక్స్ అందులో ఉండాలి), ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్), ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్), డ్యుయల్ క్రెడిట్ అనే కాలేజీ స్థాయి కోర్సులు నాలుగు చేసినా వస్తుంది. కంప్యూటర్ సైన్సూ ఇష్టమే, చరిత్రా ఇష్టమే, బొమ్మలు వేయడం కూడా వదలను అనే పిల్లలకి ఇంతకంటే అనువైనది నాకు కనిపించలేదు. మా అబ్బాయి అలాంటివాడే. మేం మొదట పట్టుబట్టి స్టెమ్ పెట్టించాం, పదిలో వాడు దిగులుగా తిరగడం చూసి మార్చాం. ఏపీ స్టాటిస్టిక్స్, ఏపీ యూఎస్ హిస్టరీ ఒకే ఏడాది తీసుకుని, పాత జనాభా లెక్కలతో తనంతట తనే ఒక ప్రాజెక్టు చేసుకున్నాడు. చదువు మీద అంత ఇష్టం నేను వాడిలో అంతకుముందు చూడలేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది, మేం దాదాపు ఇరుక్కున్నాం. స్టెమ్‌లో ఆల్జీబ్రా టూ (బీజగణితంలో రెండో కోర్సు) తప్పనిసరి, కాబట్టి ఆ పిల్లలకి అది దానంతటదే పడుతుంది. మల్టీడిసిప్లినరీలో అది లేకుండా కూడా నాలుగు లెక్కల కోర్సులు నింపేయొచ్చు. కానీ డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్ అనే పై స్థాయి గుర్తింపు డిప్లొమాలో రావాలంటే ఆల్జీబ్రా టూ ఉండాల్సిందే, అది లేకపోతే టాప్ టెన్ పర్సెంట్ (క్లాసులో ర్యాంకు మొదటి పది శాతంలో ఉన్నవాళ్లు) కింద టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్‌కి అర్హత పోతుంది. యూటీ ఆస్టిన్‌లో అయితే 2026 ఫాల్ నుంచి టాప్ ఐదు శాతానికే ఆ అవకాశం. మాకు ఈ సంగతి స్కూల్లో ఎవరూ చెప్పలేదు, పదకొండులో నేనే కాగితాలు తిరగేస్తుంటే కనిపించింది, వేసవిలో ఆ కోర్సు చేయించాల్సి వచ్చింది. మీరు మాత్రం స్కూల్లో పిల్లల కోర్సులు చూసే కౌన్సిలర్‌తో మొదటిసారి మాట్లాడేటప్పుడే నాలుగేళ్ల ప్లాన్ కాగితం మీద రాయించుకుని, అందులో ఆల్జీబ్రా టూ ఏ ఏడాది ఉందో వేలు పెట్టి చూపించమనండి. కౌన్సిలర్ల దగ్గర వందల మంది పిల్లలుంటారు, అడిగితే విసుక్కోరు, అడగకపోతే వాళ్లకి గుర్తుండదు.

ఇంకా ఊళ్లోనే ఉన్నవాళ్లకి ఒక మాట. మనకి పదో తరగతి మెమో ఒక్కటే విలువైన కాగితం, తొమ్మిది ప్రోగ్రెస్ కార్డు ఎక్కడో పడేస్తాం. ఇక్కడ హైస్కూల్ మొదలయ్యేదే తొమ్మిదితో. పిల్లలు తొమ్మిది పూర్తి చేసి వస్తుంటే ఆ మార్కులు స్కూల్ స్టాంపుతో, సంతకంతో తెచ్చుకోండి, వాటిని చూసే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు స్కూళ్లని నడిపే సంస్థ) వాళ్లు క్రెడిట్లు ఇస్తారు. తెలుగు చదవడం, రాయడం బాగా వస్తే పరీక్ష రాసి లాంగ్వేజ్ క్రెడిట్లు తెచ్చుకునే వీలుందేమో కూడా అదే రోజు అడగండి. అలా రెండు క్రెడిట్లు కలిసొస్తే, పిల్లలకి నచ్చిన ఇంకో కోర్సుకి టైమ్‌టేబుల్లో చోటు దొరుకుతుంది.