వరకట్న మరణం కేసులో శిక్ష పడిన బంధువులకు అప్పీలు తేలేలోగా బెయిల్: ఎలా అడగాలి?

వరకట్న మరణం కేసులో సెషన్స్ కోర్టు శిక్ష వేసిన రోజున, అప్పటిదాకా బెయిల్ మీద ఉన్న అత్తమామలూ ఆడపడుచులూ కోర్టు హాలు నుంచే జైలుకు వెళ్లాల్సి వస్తుంది. విచారణకు ముందు బెయిల్ వచ్చింది కాబట్టి ఇప్పుడూ వస్తుందనుకోవడం పొరపాటు. దోషం రుజువయ్యేదాకా నిర్దోషే అన్న రక్షణ తీర్పుతో పోతుంది. ఇటువంటి కేసులోనే 2020లో సుప్రీంకోర్టు (ప్రీత్‌పాల్ సింగ్ కేసు) ఈ తేడాను ఎత్తిచూపి, శిక్ష పడిన భర్తకు హైకోర్టు ఇచ్చిన బెయిల్‌ను కొట్టివేసింది.

మొదట తీర్పు నకలు తీసుకోండి. జైలుశిక్ష పడినవారికి అది ఉచితం. ఎవరికి ఏ సెక్షన్ కింద శిక్ష పడిందో విడివిడిగా చూడండి. వరకట్న మరణానికి (పాత భారత శిక్షాస్మృతి ఐపీసీలో 304-బి, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత బీఎన్‌ఎస్‌లో 80వ సెక్షన్) కనీసం 7 ఏళ్ల శిక్ష, గరిష్ఠంగా యావజ్జీవం. అత్తకో మరిదికో ఆ నేరం కొట్టేసి వేధింపుల సెక్షన్ (498-ఎ) మాత్రమే మిగిల్చి, 3 ఏళ్లకు మించని శిక్ష వేసి ఉంటే, అప్పటికి వారు బెయిల్ మీదే ఉంటే, శిక్ష వేసిన కోర్టునే అదే రోజున అడగవచ్చు; అప్పీలు వేసుకోవడానికి తగిన గడువు వరకు అది సాధారణంగా బెయిల్ ఇస్తుంది. ఈ సంగతి తెలియక అనవసరంగా జైలులో గడిపేవారున్నారు.

వీరైనా, మిగిలినవారైనా 60 రోజుల్లోగా హైకోర్టులో (తెలంగాణవారు హైదరాబాదులో, ఆంధ్రప్రదేశ్‌వారు అమరావతిలో) అప్పీలు వేయాలి. వకాలత్నామాపై (లాయరుకు కేసు అప్పగించే పత్రం) ఖైదీ జైలులో సంతకం చేస్తే సూపరింటెండెంట్ ధ్రువీకరిస్తారు. స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

అప్పీలుతో పాటే శిక్ష అమలు నిలిపి బెయిల్ ఇవ్వమని మధ్యంతర దరఖాస్తు (ఐ.ఏ.) పెట్టాలి, పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 389, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 430 సెక్షన్ ఇందుకే. అసలు శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. కుటుంబమంతటికీ కలిపి ఒకే వాదన రాస్తే, భర్తపై ఉన్న సాక్ష్యం బరువు అందరి మీదా పడుతుంది. ఉదాహరణకు, చనిపోయిన అమ్మాయి తల్లి పీడబ్ల్యూ-1గా (ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షిగా) "అత్తింటివారంతా కట్నం కోసం వేధించారు" అని చెప్పిందనుకుందాం. పెళ్లయి వేరే ఊళ్లో కాపురముంటున్న ఆడపడుచు ఎప్పుడు వచ్చింది, ఏమడిగింది అన్నది ఆ వాంగ్మూలంలో లేకపోతే, తీర్పులో ఆ పేరా సంఖ్య రాసి, ఆమె చిరునామా రుజువు జతచేయాలి. దూరపు బంధువులనూ కేసులోకి లాగే ధోరణి ఉందని, ప్రతి ఒక్కరి పాత్రా రుజువు కావాలని 2000లో కన్స్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టే అన్నది. అదే ఇంట్లో ఉంటూ, మరణానికి కొద్దికాలం ముందు డబ్బు అడిగినట్లు సాక్ష్యమున్న అత్తకు ఈ వాదన నిలవదు. ఆమెకు వయసు, జబ్బు (కాగితాలతో), ఇప్పటికే గడిపిన జైలు కాలం చూపడమే నయం. బెయిల్ దశలో సాక్ష్యాన్నంతటినీ తిరిగి తూచరు; తీర్పులో కంటికి కనిపించే లోపం ఏదో అదే చెప్పాలి.

ఈ నేరానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది కనుక, పబ్లిక్ ప్రాసిక్యూటరుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశమివ్వకుండా హైకోర్టు విడుదల చేయదు. అందుకని మొదటి వాయిదాకే ఉత్తర్వు వస్తుందని ఇంట్లోవాళ్లకు చెప్పకండి.

బెయిల్ వచ్చాక ఉత్తర్వు నకలు తీసుకుని, అందులో చెప్పిన కోర్టులో (సాధారణంగా శిక్ష వేసిన కోర్టే) సొంత పూచీకత్తు, జామీనుదారుల కాగితాలు దాఖలు చేయాలి. జరిమానాను నిలిపారో లేదో కూడా చూసుకోండి. కోర్టు నుంచి విడుదల ఉత్తర్వు అందాకే జైలు అధికారులు వదులుతారు.

దరఖాస్తు కొట్టేస్తే, కొంతకాలం తర్వాతా అప్పీలు విచారణకు రాకపోతే మళ్లీ అడగవచ్చు. అప్పీలును సకాలంలో వినలేనప్పుడు సాధారణంగా బెయిల్ ఇవ్వాలని 1977లో కశ్మీరాసింగ్ కేసు చెప్పింది. అయితే బెయిల్ మీద బయట గడిపిన కాలం శిక్షలో జమ కాదు. అప్పీలు ఓడితే మిగిలిన శిక్షంతా అనుభవించాలి.