మత్తు సమస్యపై వాడవాళ్లతో కలిసి పని – 3వ పాఠం: పథకం కంటే ముందు ప్రశ్న

గత పాఠంలో మీ వాడ పటం గీశారు. జనం ఎక్కడ తాగుతారు, వాడేసిన సిరంజిలు ఎక్కడ కనిపిస్తాయి, సాయం కావాలంటే ఎటు వెళ్తారు అన్నవి గుర్తించారు. ఈసారి పని ఒక్కటే: చేతిలో పథకం లేకుండా మొదటి మీటింగ్ నడపడం.

మామూలుగా ఆఫీసులో పథకం తయారై, పోస్టర్లు కూడా అచ్చయ్యాక జనాన్ని పిలిచి "మీ అభిప్రాయం చెప్పండి" అంటారు. పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా అమెరికన్ రచయిత్రి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో వివరించారు. అందులో అభిప్రాయం అడగడం నాలుగో మెట్టే. కలిసి నిర్ణయించడం ఆరో మెట్టుతో గానీ మొదలవదు.

ఆ తేడా పనిలో ఎలా ఉంటుందో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో కనిపిస్తుంది. నగరం నడిబొడ్డున ఒక మందుల షాపు డ్రగ్స్ వాడేవాళ్లకు సిరంజిలు అమ్మడం ఆపేసింది. ఒకరి సూది ఒకరు వాడితే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి పాకుతుందని ఆందోళన పడింది వాడేవాళ్ల సంఘమే. దాని పేరు జంకీబాండ్. 1984లో నగర ఆరోగ్య శాఖ సిరంజిలు ఇస్తే, ఈ సంఘం వాటిని పంచి, వాడినవి వెనక్కి తీసుకుంది. సమస్యను ముందు పసిగట్టినవాళ్లే పరిష్కారాన్ని నడిపారు.

ఇక మీటింగ్ సంగతి. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. అమ్మ ఎదురుగా కొడుకు నోరు విప్పడు, పోలీసు ఉంటే ఎవరూ విప్పరు. వాడుతున్నవాళ్లు, మానేసినవాళ్లు, కుటుంబాలు, ఇరుగుపొరుగు - ముందు విడివిడిగా కలవండి. వచ్చినవాళ్ల సమయానికి డబ్బివ్వండి. డాక్టరుకు ఫీజిచ్చి, వీళ్లకు టీ ఇచ్చి పంపడం నా దృష్టిలో అవమానమే.

పేర్లు రాయొద్దు. సరుకు ఎవరమ్ముతారని అడగొద్దు, ఎవరైనా చెప్పబోయినా ఆపండి. "ఎందుకు వాడుతున్నారు?" అన్నది కూడా పక్కన పెట్టండి. అది కోర్టు ప్రశ్నలా వినిపిస్తుంది, జవాబుగా సంజాయిషీలే వస్తాయి. దానికి బదులు "చివరిసారి ఇబ్బంది వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లారు? అక్కడ ఏం జరిగింది?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టే, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

ఈ ప్రశ్న ఏం చేస్తుందో ఒక ఊహా ఉదాహరణ చూడండి. అధికారుల లెక్కలో సమస్య "అవగాహన లేదు". అదే నిజమైతే చేయాల్సింది ప్రచారం. వాడేవాళ్లు మాత్రం "మాకు సాయం చేసే సెంటర్ సాయంత్రం ఐదుకు మూసేస్తారు, మాకు పని ఏడుకు అయిపోతుంది" అంటారు. ఇరుగుపొరుగు "సెంటర్ గేటు దగ్గర గుంపులు" అంటారు. ఇప్పుడు ప్రశ్న మారింది: సెంటర్‌ను రాత్రి తొమ్మిది వరకు తెరిచి, గేటు బయట గుంపు లేకుండా చూడటం ఎలా? రెండు వర్గాలనూ కలిపి కూర్చోబెట్టాల్సింది ఇప్పుడు. టైమింగ్స్ ఎవరు నిర్ణయిస్తారు, ఎంత ఖర్చు వరకు ఈ రెండు వర్గాల కమిటీ మాట చెల్లుతుంది అన్నది ఆ రోజే కాగితం మీద పెట్టండి. అప్పుడు "చూద్దాం" అన్న జవాబు వస్తే మీరింకా నాలుగో మెట్టు మీదే ఉన్నారు.

ఒక జాగ్రత్త. మీటింగ్‌లో ఉత్సాహం వచ్చి "రేపటి నుంచి తాగను" అని ఎవరైనా అంటే చప్పట్లు కొట్టి పంపేయకండి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరుతో మాట్లాడించాకే మానిపించాలి. అందుకే ఆ ఏర్పాటు చూసుకున్నాకే మీటింగ్ తేదీ వేయండి.

అభ్యాసం: మీ పటంలోని ఏదో ఒక చోటు తీసుకుని, అక్కడి సమస్యను అధికారి మాటల్లో ఒక వాక్యంగా రాయండి. తర్వాత అక్కడికి వచ్చే ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, వాళ్ల మాటల్లో మళ్లీ రాయండి. మూడు వాక్యాలూ ఒకేలా ఉంటే మీరు విన్నది సరిపోలేదు, ఇంకొకరిని కలవండి. 4వ పాఠంలో ఈ వాక్యాల నుంచే చిన్న ప్రయోగం తయారుచేద్దాం.