డ్యాప్‌తో వినడం నేర్చుకుందాం, 6వ పాఠం: ముందు సౌండ్ సమానం చెయ్యండి, తర్వాతే తేడా రాయండి

పోయిన పాఠంలో ఇచ్చిన పనికి మీరు పంపిన జవాబులన్నీ చదివా. పని చిన్నదే, డ్యాప్‌లో (పాటలు వినడానికే చేసిన చిన్న ప్లేయర్) ఒకే పాట, ఒకే ఐఈఎం (చెవి లోపలికి పెట్టుకునే ఇయర్‌ఫోన్), ముందు మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్‌లో విని, తర్వాత 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్‌లో విని తేడా రాయమన్నా. దాదాపు అందరూ ఒకే మాట రాశారు: 4.4లో బాస్ నిండుగా ఉంది, గొంతు ముందుకొచ్చింది, వాయిద్యాలు విడివిడిగా వినబడ్డాయి, స్టేజ్ (సంగీతం మన చుట్టూ పరుచుకున్నట్టు అనిపించే చోటు) పెద్దదైంది. శ్రద్ధగా విన్నారు, అందులో సందేహం లేదు. కానీ వాల్యూమ్ ఎంతలో పెట్టారో రాయమన్న చోట చూస్తే ఒకరు రెండిటికీ 40, ఇంకొకరు రెండిటికీ 55, ఇంకొకరు అసలు రాయనే లేదు. పని మొత్తం అక్కడే పాడైంది. ఇవాళ ఈక్యూ (ఈక్వలైజర్, బాస్, ట్రెబుల్ లాంటి భాగాలని, అంటే బ్యాండ్‌లని, విడివిడిగా పెంచి తగ్గించేది) మొదలుపెడదాం అనుకున్నా గానీ ఇది తేలకుండా అటు వెళ్తే లాభం లేదు, ఎందుకంటే ఈక్యూలో ఏ బ్యాండ్ పెంచినా సౌండ్ కూడా కాస్త పెరుగుతుంది, మీకు ప్రతి మార్పూ బాగున్నట్టే ఉంటుంది. అందుకే ఈక్యూ వచ్చే పాఠానికి.

స్క్రీన్ మీద కనబడే 40 అనేది సౌండ్ కొలత కాదండీ. ఆ ప్లేయర్ తన లోపల వాల్యూమ్‌ని ఏ మెట్టు మీద పెట్టిందో చెప్పే అంకె, అంతే. అదే మెట్టు మీద 3.5లో ఒక వోల్టేజ్ వస్తుంది, 4.4లో ఇంకో వోల్టేజ్ వస్తుంది. బ్యాలెన్స్‌డ్‌లో ప్రతి చెవికీ రెండు యాంప్‌లు ఒకదానికొకటి ఎదురు దిశలో నడుస్తాయి కాబట్టి చాలా ప్లేయర్లలో వోల్టేజ్ దాదాపు రెట్టింపు అవుతుంది. మీ ప్లేయర్ స్పెక్ షీట్ తియ్యండి, 3.5కి 2 వోల్ట్‌లు, 4.4కి 4 వోల్ట్‌లు, అలా ఏదో ఒకటి ఉంటుంది. రెట్టింపు వోల్టేజ్ అంటే 6 డెసిబెల్స్ (సౌండ్ తేడాని చెప్పే కొలత) ఎక్కువ. మీరు రెండు జాక్‌లని పోల్చలేదు, ఒక పాటని 6 డెసిబెల్స్ పెంచి విన్నారు.

సౌండ్ పెరిగితే పెరిగినట్టు తెలియదా అని ఒకరు అడిగారు. 6 డెసిబెల్స్ అయితే తెలుస్తుంది, కానీ జాక్ మార్చే సందులో పది ఇరవై సెకన్లు పోతాయి, అప్పటికి ఇందాకటి సౌండ్ ఎంత ఉందో చెవికి సరిగ్గా గుర్తుండదు. అసలు ప్రమాదం ఇంకా చిన్న తేడాల్లో ఉంది. అర డెసిబెల్, ఒక డెసిబెల్ తేడా ఉన్నప్పుడు ఎవరికీ "సౌండ్ ఎక్కువుంది" అనిపించదు, "క్లియర్‌గా ఉంది", "దగ్గరగా ఉంది", "ప్రాణం ఉంది" అనిపిస్తుంది. ఇంకోటి, మన చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా వినదు, తక్కువ సౌండ్‌లో బాస్ బాగా తగ్గిపోయి వినబడుతుంది, పెంచుకుంటూ పోతే మిగతా వాటికంటే బాస్ త్వరగా పైకొస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు, ఇప్పుడు అవే రకం గీతలు ఐఎస్ఓ 226 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్నాయి. కాబట్టి మీరు 4.4లో విన్న నిండైన బాస్ నిజంగా విన్నదే. అది జాక్ వల్ల వచ్చిందని చెప్పడానికి మాత్రం ఇంకా ఏ ఆధారమూ లేదు.

హై గెయిన్, లో గెయిన్ సంగతీ ఇదే. హై గెయిన్‌లో డైనమిక్స్ (చిన్న సౌండ్‌కీ పెద్ద సౌండ్‌కీ మధ్య తేడా) బాగున్నాయి అని రాసిన వాళ్లందరూ అదే అంకె మీద విన్నవాళ్లే. గెయిన్ అంటే యాంప్ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు చేస్తుందో ఆ సంఖ్య, సిగ్నల్‌తో పాటు దాని వెనకున్న సన్నని నాయిస్ కూడా పెరుగుతుంది, సున్నితమైన ఐఈఎంలో ఆ సుయ్య్ అనే శబ్దం పాటకీ పాటకీ మధ్య వినబడుతుంది. నేను ఐఈఎంకి ఎప్పుడూ లో గెయినే, వాల్యూమ్ 80 దాటినా సరే. రీమాస్టర్ ఆల్బమ్ (పాత రికార్డింగ్‌నే మళ్లీ సరిచేసి విడుదల చేసింది) బాగుందన్న వాళ్లకీ ఇదే జవాబు, చాలాసార్లు అందులో సౌండ్ పెంచి ఉంటుంది. బ్లూటూత్‌కీ వైర్‌కీ కూడా ఇదే.

ఇప్పుడు సమానం చెయ్యడం ఎలాగో చూద్దాం. ఈక్యూ ఆఫ్, రీప్లేగెయిన్ (పాటల సౌండ్‌ని ప్లేయరే సమానం చేసే సదుపాయం) ఆఫ్, ఎఫెక్ట్స్ అన్నీ ఆఫ్ అని మళ్లీ మళ్లీ చెప్పను.

ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 300 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న కూత లాంటి శబ్దం) ఒకటి, రెండు మూడు నిమిషాలది తయారు చేసి ఫ్లాక్‌గా (నాణ్యత పోని ఫైల్ రకం) ప్లేయర్లో వేసుకోండి. నేను 1000 హెర్ట్జ్ వాడను, ఎందుకంటే మామూలు మల్టీమీటర్లు ఏసీ వోల్టేజ్‌ని కరెంటు లైన్ ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు కొలవడానికి చేసినవి, పైకి వెళ్లే కొద్దీ చాలావాటి రీడింగ్ పడిపోతుంది. మీటర్‌లో ఏసీ రేంజ్ చూసుకోండి, కనీసం 2 వోల్ట్‌ల రేంజ్ ఉండి మిల్లీవోల్ట్ వరకూ చూపించాలి. ఏసీలో 200 వోల్ట్‌ల నుంచే మొదలయ్యే మీటర్ ఈ పనికి రాదు. టోన్ ప్లే చేసేటప్పుడు ఐఈఎం చెవిలో పెట్టుకోవద్దు.

కొలిచేటప్పుడు లోడ్ ఉండాలి, అంటే ఐఈఎం లాగా కరెంటు తీసుకునేది ఏదో ఒకటి జాక్‌కి తగిలించి ఉండాలి. ఖాళీ జాక్ మీద కొలిస్తే ఏం పోతుందో లెక్క చూడండి. మీ 3.5 అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ప్లేయర్ లోపలే ఉండి సిగ్నల్‌కి అడ్డుపడే నిరోధం) 1 ఓం, 4.4కి 2 ఓంలు అనుకుందాం, బ్యాలెన్స్‌డ్‌లో రెండు యాంప్‌లు కాబట్టి సాధారణంగా రెట్టింపే ఉంటుంది. 16 ఓంల ఐఈఎం పెడితే 3.5లో అర డెసిబెల్ పడుతుంది, 4.4లో ఒక డెసిబెల్ పడుతుంది. ఖాళీ జాక్ మీద సమానం చేసి ఐఈఎం పెట్టేసరికి మళ్లీ అర డెసిబెల్ తేడా వచ్చేసింది, మీరేమో సమానం చేశాననే నమ్మకంతో వింటుంటారు. నా పద్ధతి ఏంటంటే, ప్లగ్ మార్చుకునే రకం పాత కేబుల్ ఒకటి తీసుకుని, ఐఈఎంకి తగిలే కొసలు కత్తిరించి, ఎడమ వైపు రెండు వైర్లకీ మధ్య ఒక 15 ఓంల రెసిస్టర్ సోల్డర్ చేసి పెట్టుకున్నా. కుడి వైపు వైర్లు ఒకదానికొకటి తగలకుండా టేప్ చుట్టేశా. మీటర్ ప్రోబ్‌లు రెసిస్టర్ రెండు కాళ్ల మీద పెడితే చాలు. మీ ఐఈఎం 32 ఓంలైతే 33 ఓంల రెసిస్టర్ వెయ్యండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు, దయచేసి ఇవి దాటెయ్యకండి. 4.4 ప్లగ్ మీద కొస నుంచి లోపలికి ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్, చివర గ్రౌండ్, ఆ వరసలో ఉంటాయి. కొలవాల్సింది ఎడమ ప్లస్‌కీ ఎడమ మైనస్‌కీ మధ్య. ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే సగం వోల్టేజే కనబడుతుంది, అప్పుడు 3.5, 4.4 సమానంగానే ఉన్నాయని అనుకుంటారు, అంటే ఏ తప్పు సరిదిద్దుకోవడానికి కూర్చున్నామో అదే తప్పుకి మీటర్ చేత సాక్ష్యం చెప్పించినట్టు. రెండోది, 4.4 జాక్‌లోంచి మామూలు 3.5 ఇయర్‌ఫోన్‌కి కన్వర్టర్ పెట్టొద్దు. మామూలు 3.5లో ఎడమ కుడి మైనస్‌లు రెండూ ఒకే చోట కలిసిపోతాయి, బ్యాలెన్స్‌డ్‌లో ఆ రెండూ వేర్వేరు యాంప్‌ల అవుట్‌పుట్‌లు, కలిపితే యాంప్ కాలిపోవచ్చు. తిరగేసి, 4.4 కేబుల్ ఉన్న ఐఈఎంని కన్వర్టర్‌తో 3.5 జాక్‌లో వినడం మాత్రం సురక్షితమే.

ముందు 3.5లో మీరు మామూలుగా వినే వాల్యూమ్ పెట్టి టోన్ ప్లే చేసి రీడింగ్ రాసుకోండి. 100 మిల్లీవోల్ట్‌లు వచ్చిందనుకుందాం. తర్వాత 4.4కి మారి అదే 100 దగ్గరికి వచ్చేదాకా వాల్యూమ్ తగ్గించండి. 101 వస్తే సరిపోయింది, అది 0.1 డెసిబెల్ లోపే. 106 అంటే అర డెసిబెల్, అది కుదరదు. మెట్లు పెద్దవిగా ఉండి 106కీ 95కీ మధ్య ఆగకపోతే, ఎక్కువ వచ్చే జాక్‌లో వినాల్సిన పాటనీ టోన్‌నీ ఆడాసిటీలో ఆ తేడా మేరకు తగ్గించి ఇంకో కాపీ చేసుకోండి. తగ్గించడమే, పెంచొద్దు, పెంచితే క్లిప్ అవ్వొచ్చు, అంటే సౌండ్ పై కొసలు తెగిపోయి పాట చెడిపోవచ్చు. మీటర్ లేనివాళ్లు స్పెక్ షీట్‌లో రెండు వోల్టేజ్‌లూ చూసి, రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గించండి, మెట్టుకి అర డెసిబెల్ చొప్పున అయితే 12 మెట్లు. అంత కచ్చితం కాదు గానీ రెండిటికీ 40 పెట్టడం కంటే చాలా నయం.

ఇలా సమానం చేసి విన్నాక కూడా మిగిలే తేడాలు ఉంటాయి, వాటి గురించే నాకు మాట్లాడాలని ఉంది. మల్టీ డ్రైవర్ ఐఈఎంలు (ఒక్కో చెవికి ఒకటికంటే ఎక్కువ చిన్న స్పీకర్లు ఉన్నవి), ముఖ్యంగా బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకం (ఇది స్పీకర్ రకం పేరు, బ్యాలెన్స్‌డ్ జాక్‌తో సంబంధం లేదు), ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కో ఇంపిడెన్స్ చూపిస్తాయి. ఒకచోట 32 ఓంలు, ఇంకోచోట 8 ఓంలు ఉన్న ఐఈఎం తీసుకోండి. 10 ఓంల అవుట్‌పుట్ ఉన్న ప్లేయర్‌కి పెడితే ఆ రెండు చోట్ల మధ్య 4.7 డెసిబెల్స్ వంపు వస్తుంది. అదే 1 ఓం ప్లేయర్‌కి పెడితే 0.8 లోపే. 300 హెర్ట్జ్ దగ్గర మీరెంత సమానం చేసినా ఈ తేడా పోదు, ఇది ఐఈఎం స్వరం నిజంగా మారడమే. ఐఈఎంకి ప్లేయర్ కొనేటప్పుడు చిప్ పేరు కంటే ముందు నేను ఈ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అంకె చూస్తా.

రెండోది వోల్టేజ్ చాలకపోవడం. 300 ఓంల హెడ్‌ఫోన్, సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత సౌండ్ వస్తుందో చెప్పే అంకె) మిల్లీవాట్‌కి 97 డెసిబెల్స్ అనుకోండి, అంటే 1 వోల్ట్‌కి 102. పాటలో పీక్‌లు (సౌండ్ ఒక్కసారిగా బాగా పెరిగే క్షణాలు) 110 దాకా వెళ్లాలంటే దాదాపు 2.5 వోల్ట్‌లు కావాలి. 2 వోల్ట్‌ల 3.5 జాక్ అక్కడ చాలదు, 4 వోల్ట్‌ల 4.4 హాయిగా ఇస్తుంది. ఇలాంటి హెడ్‌ఫోన్ ఉన్నవాళ్లకి బ్యాలెన్స్‌డ్ నిజంగా అవసరం. అదే 16 ఓంలు, మిల్లీవాట్‌కి 105 డెసిబెల్స్ ఉన్న ఐఈఎం అయితే అదే 110కి పావు వోల్ట్ కూడా అక్కర్లేదు, 3.5లోనే బోలెడంత మిగిలిపోతుంది. సెన్సిటివిటీ వోల్ట్‌కి ఇచ్చారా మిల్లీవాట్‌కి ఇచ్చారా అన్నది చూసుకునే లెక్కెయ్యండి, 16 ఓంల దగ్గర ఆ రెండిటికీ 18 డెసిబెల్స్ తేడా.

ఈసారి పని కష్టంగానే ఉంటుంది, తీరిక చూసుకుని చెయ్యండి. పైన చెప్పినట్టు సమానం చేసి, ఇంట్లో ఒకరిని తోడు కూర్చోబెట్టుకోండి. వాళ్లు నాణెం ఎగరేసి, బొమ్మ పడితే 3.5, బొరుసు పడితే 4.4 పెట్టాలి. ప్రతిసారీ జాక్ తీసి మళ్లీ పెట్టాలి, అదే జాక్ వచ్చినా సరే, లేకపోతే చప్పుడు బట్టి మీకు తెలిసిపోతుంది. ప్లేయర్ మీకు కనబడకూడదు. పాటలో ఒకే 20 సెకన్ల ముక్క వినండి, ఏ జాకో రాయండి, పదిసార్లు. 10కి 9 సరిగ్గా చెప్పగలిగితే తేడా వినబడుతున్నట్టే లెక్క, ఊరికే ఊహించి అన్ని తెచ్చుకునే అవకాశం ఒక శాతం దగ్గర ఉంటుంది. 7 వస్తే "వినబడలేదు" అని రాయండి, దాన్ని "కొంచెం వినబడింది" అని రాయొద్దు. తర్వాత ఇంకో పాటతో మళ్లీ మొత్తం చెయ్యండి, ఒకటి గొంతు ప్రధానంగా ఉన్నది, ఇంకోటి బాస్ ఎక్కువున్నది.

వినేది మామూలు సౌండ్‌లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన లెక్క 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగమవుతుంది. తేడా దొరకట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోవద్దు, అలసట అనిపిస్తే ఆపి మర్నాడు చెయ్యండి.

పంపేటప్పుడు రెండు జాక్‌ల మిల్లీవోల్ట్ రీడింగ్‌లు, ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్, ఐఈఎం ఓంలు, 10కి ఎన్ని వచ్చాయో, ఈ నాలుగూ రాయండి. స్టేజ్, బాస్, గొంతు గురించి 9 లేదా 10 వచ్చిన వాళ్లు మాత్రమే రాయండి. ఆ 300 హెర్ట్జ్ టోన్, రెసిస్టర్ కేబుల్ దాచిపెట్టుకోండి, ఈక్యూ పాఠంలో వాటితోనే మొదలుపెడతాం.