రెండు అరేఖీయ సమీకరణాలను న్యూటన్ పద్ధతిలో చేత్తో సాధించడం

కల్యాణి డ్యాం నుంచి తిరుపతికి నీటిని చేరవేసే గొట్టాల వంటి వాటిలో ప్రవాహం రెట్టింపైతే పీడన నష్టం సుమారు నాలుగింతలవుతుంది. ఇటువంటి సంబంధాలు కొన్ని ఒకదానితో ఒకటి ముడిపడితే, రేఖీయ సమీకరణాలకు ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న క్రేమర్ నియమంతో నేరుగా జవాబు రాదు. ఒక అంచనాతో మొదలుపెట్టి, దానిని పదేపదే సవరించుకుంటూ మూలానికి, అంటే సమీకరణాలన్నిటినీ తృప్తిపరిచే విలువలకు, చేరాలి. అందుకు న్యూటన్ పద్ధతి చాలా శక్తిమంతమైనది. దీనిని రెండు సమీకరణాలకు విస్తరించినవాడు ఆంగ్ల గణితవేత్త థామస్ సింప్సన్, 1740లో. ప్రోగ్రాము రాయడానికి ముందు ఒక్కసారైనా దీనిని చేత్తో చేసి చూడాలని తిరుపతిలో నా దగ్గర చదువుకునే ఇంజనీరింగ్ విద్యార్థులకు తప్పక చెబుతాను.

ఎక్స్² + వై = 11, ఎక్స్ + వై² = 7 అనే జతను తీసుకుందాం. కుడివైపు సంఖ్యలను ఎడమవైపుకు తెచ్చి, తొలి అంచనాగా ఎక్స్ = 2.5, వై = 2 ప్రతిక్షేపిస్తే శేషాలు, అంటే సున్నా కావలసిన చోట మిగిలిన విలువలు, −2.75, −0.5 వస్తాయి. ఇప్పుడు పాక్షిక అవకలజాలను (ఒక చలరాశిని స్థిరంగా ఉంచి రెండోదానితో కట్టే అవకలజాలను) రెండు వరుసలుగా రాయాలి: మొదటి వరుసలో 2ఎక్స్, 1, రెండో వరుసలో 1, 2వై. ఇదే జాకోబియన్ మాత్రిక. మన బిందువు దగ్గర దాని విలువలు 5, 1, 1, 4, నిర్ధారకం 5×4 − 1×1 = 19. విలోమ మాత్రిక అవసరం లేదు. ఈ విలువలను గుణకాలుగా, గుర్తు మార్చిన శేషాలను కుడివైపు సంఖ్యలుగా పెట్టి రెండు రేఖీయ సమీకరణాలను సాధిస్తే, సవరణలు 0.5526, −0.0132 అని తేలుతుంది. వాటిని కలిపితే కొత్త బిందువు 3.0526, 1.9868.

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. ఒక అమ్మాయి నోటుపుస్తకంలో మొదటి వరుస అంతా సరిగా ఉంది. కొత్త ఎక్స్ చేతికి రాగానే దానినే రెండో వరుసలో వాడి శేషం కట్టింది. కొత్త విలువను వెంటనే వాడుకునే గాస్–సైడెల్ తరహా పద్ధతులు వేరే ఉన్నాయి, అక్కడ అది సరైనదే. న్యూటన్ పద్ధతిలో మాత్రం ఒక అడుగులోని శేషాలూ అవకలజాలూ అన్నీ ఒకే పాత బిందువు దగ్గర కట్టాలి.

రెండో అడుగులో 3.0005, 1.9999 వస్తాయి, మూడో అడుగుకు ఏడు దశాంశ స్థానాల వరకు 3, 2 స్థిరపడతాయి. ఎక్స్‌లో దోషం 0.5 నుంచి 0.05కు, అక్కడి నుంచి 0.0005కు పడిపోయిన తీరు గమనించండి. మూలం దగ్గర నిర్ధారకం సున్నా కానప్పుడు, దగ్గరికి చేరాక సరైన అంకెల సంఖ్య ప్రతి అడుగుకూ దాదాపు రెట్టింపవుతుంది. అలా కాకుండా నెమ్మదిగా నడిస్తే, నేనైతే ముందుగా అవకలజాలనే సరిచూస్తాను. సైన్, కొసైన్ ఉన్న సమీకరణాలైతే కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందో లేదో చూడండి. డిగ్రీలలో ఉంటే సైన్ అవకలజం కొసైన్ కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది తొలి అంచనా. పై జతకు 0.5, 0.5 దగ్గర మొదలుపెడితే నిర్ధారకం సున్నా అవుతుంది, మొదటి అడుగే పడదు. పైగా ఈ జతకు నాలుగు వాస్తవ మూలాలున్నాయి. రెండూ రుణాత్మకమైన అంచనాతో బయలుదేరితే −3.779, −3.283 దగ్గరికి చేరవచ్చు. అందుకే గ్రాఫు కాగితం మీద రెండు పరావలయాలనూ గీసి, అవి ఖండించుకునే చోట్లు కంటితో చూసుకున్నాకే అంచనా ఎంచుకోండి. ఏదైనా అడుగులో శేషాలు తగ్గకుండా పెరిగితే, ఆ సవరణలో సగమే కలిపి మళ్లీ చూడండి.

సవరణలు చిన్నవయ్యాయని మాత్రమే ఆపకూడదు, శేషాలు కూడా సున్నాకు చేరువై ఉండాలి. తెలియని రాశులు వందల్లో ఉండి, ప్రతి అడుగులోనూ అవకలజాలన్నీ కట్టడం భారమైతే, పాత మాత్రికనే కొద్దిగా సవరించి వాడుకునే బ్రాయ్డెన్ పద్ధతి 1965 నుంచి అందుబాటులో ఉంది. అయితే అడుగులు కొన్ని ఎక్కువ పడతాయి.