బీఫ్ బ్రోకలీ స్టిర్ ఫ్రై: బాణలి పెట్టే ముందు

అమెరికాలో చైనీస్ టేకౌట్‌లలో (పార్సిల్ హోటళ్లలో) దొరికే రకం. కొలతలు 450 గ్రాముల ఫ్లాంక్ స్టేక్‌కి (పొట్ట కింది భాగం బీఫ్).

మాంసమంతా ఒకేసారి వేయకండి. ఇంటి పొయ్యికి హోటల్ మంట ఉండదు. బాణలి చల్లబడి ముక్కలు నీరు వదులుతాయి, వేగాల్సింది ఉడుకుతుంది. అలా పాడైతే మళ్లీ బాగుచేయలేం. రెండు వాయిలుగా, నూనె సన్నగా పొగ వచ్చాకే వేసి, నిమిషం కదపకుండా వదలండి.

నాన్‌స్టిక్ పెనం వద్దు. ఆ వేడికి పూత పాడవుతుంది.

కండ పోగుకి అడ్డంగా, 3-4 మి.మీ. మందాన కోయండి. నిలువుగా కోస్తే నారలా సాగుతుంది. ముందు అరగంట ఫ్రీజర్‌లో పెడితే కత్తికి లొంగుతుంది.

ముక్కలు మెత్తబడేందుకు పట్టించే బేకింగ్ సోడా అర టీస్పూను దాటొద్దు, సబ్బు వాసనొస్తుంది. 15 నిమిషాలయ్యాక కడిగి, తడి పూర్తిగా పోయేలా అద్దండి.

సాస్ చిక్కబడేందుకు, అమెరికా దుకాణాల్లో కార్న్‌స్టార్చ్ అని చూసి కొనండి. అక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండి. సాస్ నున్నగా రాదు.

కలిపి ఉంచిన సాస్‌ని పోసే ముందు మళ్లీ కలపండి, స్టార్చ్ అడుక్కి దిగిపోతుంది.

తినేవాళ్లలో ఆల్చిప్పల్లాంటి గుల్లజీవులు, గోధుమ పడనివాళ్లున్నారేమో తప్పకుండా అడగండి. ఆయిస్టర్ సాస్‌లో మొదటిది, మామూలు సోయా సాస్‌లో రెండోది ఉంటాయి.