అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని ఊరి చెరువులా నడపాలంటే

పోయిన ఏప్రిల్లో మా వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గొడవ, ట్యాంకర్ రాలేదు, వచ్చినా సగమే పోశాడు, ఐదో ఫ్లోర్ వాళ్ళు బాల్కనీలు పైపు పెట్టి కడుగుతున్నారు అని. సెక్రటరీని నేనే కాబట్టి తిట్లన్నీ నాకే. అప్పుడు వరంగల్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువు గుర్తొచ్చింది. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు ఇన్నాళ్ళు నిలబడ్డాయంటే అది కట్ట గట్టితనం ఒక్కటే కాదు, వాన ఎంతిస్తే ఊరు అంతలోనే సర్దుకునేది.

ముందు మీకొచ్చేది ఎంతో లెక్కెయ్యండి. 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటర్ వాన పడితే 100 లీటర్లు. మా డాబా 500 చదరపు మీటర్లు, హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు, అంటే 4 లక్షల లీటర్లు, వృథా పోయేది తీసేసినా 3 లక్షలు. అబ్బో అనిపించింది కదా, నాకూ అనిపించింది. కానీ 24 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకి 135 లీటర్లు వేస్తే రోజుకి 13 వేలు, ఏడాది వాన మొత్తం 23 రోజులకి సరి! మీటింగ్‌లో ఇది చెప్పగానే అందరూ సైలెంట్. వాన నీళ్ళు పట్టడంతో పాటు వాడకమూ తగ్గాల్సిందే అని నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఇక ఇంకుడు గుంత మూత తీసి చూడండి. మాదాంట్లో సిమెంటు పెళ్ళలు, టైల్స్ ముక్కలు, ఒక చెప్పు. పూడిక తీయించి అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక వేయించాం. సీజన్ మొదటి వాన మాత్రం బయటికి వదిలెయ్యండి, డాబా మురికంతా అందులోనే ఉంటుంది.

అసలు కిటుకు తైబందీలో ఉంది, అంటే ఉన్న నీళ్ళని బట్టి సాగు ముందే ఖాయం చేసుకోవడం. యాసంగి నాట్లకి ముందే చెరువులో నీళ్ళు చూసి ఎన్నెకరాలకి సరిపోతాయో తేల్చేసేవాళ్ళు, తక్కువుంటే వరి తగ్గించి ఆరుతడి పంటలు. మీరూ మీటింగ్ ఏప్రిల్లో కాదు, జనవరిలో పెట్టండి. బోరు ఎంత తగ్గితే కార్లు కడగడం ఆపాలి, ఎంత తగ్గితే పూటకి గంటే నీళ్ళు, అన్నీ అప్పుడే రాసుకోండి. ఎండాకాలంలో పెట్టే రూల్ ఎవరో ఒకరి మీద పగలాగే కనిపిస్తుంది.

వాల్వ్ తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. మా ఊర్లో చెరువు నీళ్ళు వదిలే నీరటి తప్ప ఎంత మోతుబరైనా తూము ముట్టుకునేవాడు కాదు, అందుకే కల్లం దగ్గర అతనికి ధాన్యం కొలిచేవాళ్ళు. మా దగ్గర ఆ పని వాచ్‌మన్‌ది, జీతం పెంచాం, ప్రెసిడెంట్ గారడిగినా ఇవ్వడు (ఒకసారి అడిగారు కూడా). చెరువు బాగు చేయించేవాళ్ళకి అప్పట్లో దశబంధ మాన్యాలని భూములు ఇచ్చినట్టే, మెయింటెనెన్స్‌లో పదో వంతు పూడిక తీయించడానికే పక్కన పెడుతున్నాం.



ఆఖరిది అలుగు, అంటే చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు పొర్లి కింది చెరువుకి వెళ్ళే దారి. మా గుంత నిండితే పొంగే నీళ్ళు పక్క అపార్ట్‌మెంట్ గుంతలోకి వెళ్ళేలా పైపు వేయించాం. వాళ్ళ సెక్రటరీ డ్రైనేజీ అనుకుని గొడవకొచ్చాడు, గ్లాసులో పట్టి చూపిస్తే తిప్పితిప్పి చూసి, వాసన కూడా చూసి, పైపు ఖర్చులో సగం మేమిస్తామన్నాడు.